సొంత ఫోను – పరాయి తాళము



నేను ముప్పదియైదేండ్లు పల్లెటూరి పాఠశాలలలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. అమరకోశము చేత బట్టుకొని పెరిగినవాడనే కాని యంత్రముల నెఱిగినవాడను కాను. గోడ గడియారమునకు కీ యిచ్చుట వఱకే నా యంత్రజ్ఞానము. అట్టివాడు సెల్‌ఫోనును గూర్చి ప్రసంగింప వచ్చెనేమి యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుడు, కాని చివఱ వఱకు వినుడు. ఈ సంగతి నాకు పుస్తకములవలన గాక గోదావరి వరదవలన తెలిసినది.

నేటి ప్రసంగ విషయ మిది. మనము వెల యిచ్చి కొన్న ఫోనులో ఒక కంపెనీవారి సిమ్ము తప్ప మఱియొక కంపెనీవారి సిమ్ము పనిచేయకుండ ఆ కంపెనీవారే వేసిన తాళ మొకటి యుండును. దానిని వారిచేతనే తీయించుకొనుట యెట్లు?

తాళ మనగానే ఇనుప కప్పయు చెవియు మీ మనస్సునకు వచ్చును. నాకు మాత్రము లొల్ల లాకులు జ్ఞాపకము వచ్చును. 1847 మొదలు 1852 వఱకు కాటన్ దొరగారు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన పిమ్మట మన డెల్టా యంతటను కాలువలు పాఱినవి, కాలువలపై పడవలు నడచినవి. చిన్నతనమున మా తండ్రిగారితో పడవ ప్రయాణము చేసిన దినములలో లాకు దగ్గఱ ఆగుట నాకు పెద్ద వేడుక. ఎగువ నీరు ఎత్తున నుండును, దిగువ నీరు పల్లమున నుండును. పడవ లోనికి రాగానే వెనుక తలుపు మూసెదరు. లోని నీటిమట్టమును ముందటి నీటిమట్టమును సమానము కాగానే ముందు తలుపు తీసెదరు. సమానము గాక మునుపు తీసినచో పడవ మునుగును. సమానమైన పిమ్మట తీయకుండుట లస్కరు తరము కాదు. తీయుటకే యాతడు నియమింపబడినాడు. ఈ లాకు న్యాయమును మీరు జ్ఞాపక ముంచుకొనుడు. మరల దీనితో మనకు పని గలదు.

మా అమ్మాయి అమెరికాలో కాపురమున్నది. 2022 వేసవిలో వచ్చి, తాను వాడి విడిచిన మంచి ఫోను నొకదానిని మాకిచ్చి, "నాన్నగారూ! మీ పాత ఫోనులోని సిమ్ము తీసి దీనిలో వేసికొనండి. అమ్మ మనుమరాలి ముఖము స్పష్టముగా చూచుకొనును" అని చెప్పి వెడలిపోయెను. విమాన మెక్కినదని తెలిసిన మఱునాడు సిమ్ము మార్చి చూచితిని. ఈ సిమ్ము ఈ ఫోనునకు చెల్లదని తెరపై అక్షరములు వచ్చినవి. తరువాత చూచుకొందమని ఫోనును పెట్టెతో సహా బీరువాలో పెట్టి మరచితిని. తప్పు ఫోనుదే కాదు, నాదియు గలదు.

ఆ సంవత్సరము జూలై నడుమ గోదావరికి వచ్చిన వరద మీలో పెక్కుమంది కండ్లార చూచినదే. ధవళేశ్వరమున మూడవ ప్రమాద హెచ్చరికకు నీటిమట్టము 17.75 అడుగులు. నీరు దానిని దాటిపోయెను. 25 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము సముద్రమునకు విడువబడెను. 1986 ఆగస్టు నాటి వరదను చూచిన మా వయస్సువారికి గుండె ఝల్లుమన్నది. మా గ్రామము వశిష్ఠ గట్టు నానుకొని యున్నది. వీథిలోనికి నీరు వచ్చుటతో మేము పాఠశాల మేడమీదికి చేరితిమి. ఆ తొందరలో పాత ఫోను నా చేతినుండి జారి నీట బడి చెడినది. పదిలముగా నున్నది బీరువాలోనుండి తెచ్చిన అమెరికా ఫోను ఒక్కటియే. నిండుగా ఛార్జి యున్నది, నిగనిగలాడుచున్నది. మా సిమ్ము వేసినచో చెల్లదనుచున్నది.

కరెంటు లేదు. ఇరుగుపొరుగువారి ఫోనులు ఒక్కొక్కటియే ఆరిపోయినవి. ఎవరి చేతనైన ఒక్క నిమిషము ఫోను పుచ్చుకొందమన్నను మా అమ్మాయి సంఖ్య నాకు కంఠస్థము కాదు! అమరకోశములో ఏ వర్గమున ఏ పదమున్నదో నిద్రలో లేపి యడిగినను చెప్పగలను. కన్నబిడ్డ ఫోను సంఖ్య మాత్రము చెప్పలేకపోయితిని. సప్త సముద్రముల కావల ఆమె టీవీలో మా లంకలు మునుగుట చూచుచు రెండు రాత్రులు కన్ను మూయలేదట. మూడవనాడు పడవపై భోజన పొట్లములు తెచ్చిన యువకు డొకడు, నాయొద్ద చదివినవాడు, "ఆయ్ మేష్టారండీ, మీ అమ్మాయిగారు మా అన్నయ్యకు ఫోను చేశారండి" అని తన ఫోను నా చేతికిచ్చెను. అవతలినుండి ఆమె మాటలాడలేదు, ఏడ్చెను. ఆనాడే నిశ్చయించుకొంటిని: నీరు తీయగానే ఈ తాళము సంగతి తేల్చవలెను.

ముందుగా ఈ తాళ మెట్లు పనిచేయునో చెప్పెదను. ఫోను వేఱు, సిమ్ము వేఱు. ఫోను ఇల్లు వంటిది. సిమ్ము అందులో కాపురముండు మనిషి వంటిది. ప్రతి సిమ్ములోపలను మనకు కనబడని సంఖ్య యొకటి యుండును. దాని మొదటి మూడంకెలు దేశమును, వాని వెంటనున్న అంకెలు కంపెనీని తెలుపును. మన భారతదేశమునకు 404, 405 అనునవి గుర్తులు. అమెరికావారి గుర్తులు 310 మొదలుగా గలవి. తాళము వేసిన ఫోను లోనికి వచ్చిన సిమ్ము అంకెలను చదువును. తనకు అనుమతి యున్న కంపెనీ యంకెలతో సరిపోల్చును. సరిపడినచో తలుపు తీయును. లేనిచో వాకిటనే నిలువబెట్టును. ఫోను చెడినది కాదు, సిమ్ము చెడినది కాదు. కావలివాని చేతిలోని పట్టికలో మన పేరు లేదు, అంతియే.

దీనిని మఱి మూడు విధములైన తాళములతో కలిపి పొరబడరాదు. తెర తెఱచుటకు మనము పెట్టుకొను రహస్య సంఖ్య మొదటిది. సిమ్మునకు పెట్టు సంఖ్య రెండవది. దానిని మూడు మారులు తప్పుగా కొట్టినచో సిమ్ము మూసికొనిపోయి ఎనిమిది యంకెల పి.యు.కె. సంఖ్య నడుగును. ఆ పి.యు.కె.ను పదిమారులు తప్పినచో ఆ సిమ్ము నిరుపయోగమే. దొంగసొత్తుగా నమోదైన ఫోనును ప్రభుత్వమువారు నిలిపివేయుట మూడవది. నేను చెప్పుచున్న కంపెనీ తాళము వీనికంటె వేఱు. రోగము తెలియక మందు వేయరాదు కదా!

కంపెనీవారు ఈ తాళ మేల వేయుదురు? వారి పక్షమునను న్యాయము కొంత కలదు. నలుబది, ఏబది వేల వెల గల ఫోనును కొలది సొమ్ము పుచ్చుకొని చేతికిత్తురు. మిగిలినది రెండేండ్ల వాయిదాలలో రాబట్టుకొందురు. ఫోను పట్టుకొని పోయి వేఱు కంపెనీలో చేరినచో వారి సొమ్ము గోదావరి పాలు. కావున బాకీ తీరు వఱకు తాళము. ఇంత వఱకు లాకు న్యాయమే: నీటిమట్టములు సమానము కాలేదు, తలుపు తీయరాదు.

మన దేశమునను ఇట్టివి లేకపోలేదు. 2003లో రిలయన్స్ ఇన్ఫోకామ్ వారు 501 రూపాయలు కట్టినవారికి ఫోనులిచ్చుట మీకు జ్ఞాపకముండును. రైతుకూలీల చేతికి ఫోను వచ్చిన దినము లవి. కాని ఆ ఫోను ఆ కంపెనీ సేవకే కట్టుబడినది. ఆ సేవ అంతరించిన పిమ్మట ఆ ఫోనులు పిల్లల ఆటవస్తువులైనవి. 2017లో 1500 రూపాయల ధరావతు మీద వచ్చిన జియోఫోనులోను ఆ కంపెనీవారి సిమ్ము తప్ప వేఱొకటి పనిచేయదు. అయినను మనయొద్ద అంగడిలో ఫోనును విడిగా, సిమ్మును విడిగా కొనుట వాడుక గనుక ఈ బాధ తక్కువ. విదేశములనుండి బిడ్డలు తెచ్చి యిచ్చు ఫోనులతోనే ఇది మన ఇండ్లలో ప్రవేశించుచున్నది. కోనసీమలో విదేశమున బిడ్డ లేని వీథి యున్నదా?

ఫోను సంఖ్య విషయమునను ఒకప్పుడు మన కిట్టి సంకెల యుండెడిది. కంపెనీ మార్చినచో సంఖ్య పోయెడిది. 2010 నవంబరు 25న హర్యానాలోను, 2011 జనవరి 20న దేశమంతటను ఆ సంకెల తెగినది. పోర్ట్ అను మాటయు, ఒక ఖాళీ విడిచి మన సంఖ్యయు వ్రాసి 1900కు పంపినచో ఎనిమిది యక్షరముల సంకేత మొకటి వచ్చును. దానితో సంఖ్య మారకయే కంపెనీ మారవచ్చును. సంఖ్య మనతో వచ్చినపుడు, వెల చెల్లించిన ఫోను మాత్రము మనతో రావలదా?

ఈ ప్రశ్ననే అమెరికా ప్రజలును అడిగిరి. 2013 జనవరి 26 తరువాత కొన్న ఫోనుల తాళమును కంపెనీ యనుమతి లేక తీయుట అచట నేరమయ్యెను. లక్ష మందికి పైగా సంతకములు చేసి ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొనిరి. 2014 ఆగస్టు 1వ తేదీన వారి అధ్యక్షుడు ఒబామా చట్టము మీద చేవ్రాలు చేసి ఆ యాటంకమును తొలగించెను. కెనడాలో 2017 డిసెంబరు 1 నుండి తాళము తీయుటకు రుసుము పుచ్చుకొనరాదనియు, క్రొత్త ఫోనులను తాళము లేకయే యమ్మవలెననియు శాసించిరి. బ్రిటనులో 2021 డిసెంబరు 17 నుండి తాళము వేసిన ఫోనుల నమ్మనే కూడదు.

ఇది క్రొత్త ధర్మమని యనుకొనకుడు. మన పెద్దలు తాకట్టును గూర్చి యేమనిరో చూడుడు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున, బాకీ తీర్చ వచ్చినవానికి తాకట్టు వస్తువును విడువవలెననియు, విడువనివాడు దొంగతో సమానుడనియు నిర్ణయము కలదు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. దానిని 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయ మను పేర తెలుగు చేసెను. తాళము వేసిన ఫోను మన చేతిలోనే యున్నను ఒక విధముగ తాకట్టు వస్తువే. బాకీ యుండగా తాళము వేయుట తప్పు కాదు. బాకీ తీరిన పిమ్మట తీయకుండుట తప్పు. అయితే తాకట్టు విడిపించుకొనువాడు రసీదు చేత బట్టుకొని వెళ్ళినట్లే మనమును క్రమము తప్పక అడుగవలెను. ఆ క్రమము తప్పి నేను పడిన పాట్లు చెప్పెదను.

మొదట రాజమహేంద్రవరమునకు పోయి ఒక అంగడిలో చూపితిని. దుకాణములోని కుఱ్ఱవాడు, "రెండు వేలివ్వండి, రెండు రోజులు ఫోను వదిలిపెట్టండి, సర్వరులో పెట్టి తీస్తాము" అనెను. ఏ సర్వరు, ఎవరి సర్వరు అని యడిగితిని. సమాధానము లేదు. ఫోను జేబులో వేసికొని మరలితిని. అది మంచిదయ్యెనని పిమ్మట తెలిసినది. ఇట్టివారిలో కొందఱు ఫోను యొక్క ఐ.ఎమ్.ఇ.ఐ. సంఖ్యనే మార్చుదురు. ఆ సంఖ్య ఫోనునకు పుట్టుమచ్చ వంటిది. దానిని చెఱపుట నేరమని 2017లో నియమములు చేసిరి. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టమున అట్టి నేరమునకు మూడేండ్ల వఱకు కారాగారమో, 50 లక్షల రూపాయల వఱకు జుల్మానాయో, రెండునో విధింపవచ్చునని యున్నది.

తరువాత మా అమ్మాయి అచటి కంపెనీవారికి దరఖాస్తు పెట్టెను. ఫోనును కొన్న ఖాతాదారే యడుగవలెను. నావంటివాడు అడిగినచో వినరు. దరఖాస్తులో ఐ.ఎమ్.ఇ.ఐ. సంఖ్య వ్రాయవలెను. అది పదునైదంకెలు. ఫోనులో నక్షత్రపు గుర్తు, హ్యాష్ గుర్తు, సున్న, ఆరు, మరల హ్యాష్ గుర్తు కొట్టినచో తెరపై కనబడును. నేను చూచి చదివితిని, ఆమె వ్రాసికొనెను. అట్టి సంఖ్య లేదని దరఖాస్తు వెనుకకు వచ్చెను. కంపెనీవారు మోసము చేయుచున్నారని నేను మండిపడితిని. మరల కండ్లజోడు తుడిచి చూడగా ఎనిమిదిని మూడుగా చదివిన ఘనత నాదే! జీవితమంతయు పిల్లల తప్పులు దిద్దినవాడను, నా తప్పు నాకు కనబడలేదు. ఈ పదునైదంకెలలో చివఱిది తక్కినవానినుండి లెక్క కట్టి పెట్టినదట. ఒక్క యంకె తప్పినను లెక్క కుదురక పట్టుబడును. పద్యములో వ్రాయసకాని తప్పు గణభంగమువలన తెలిసిపోయినట్లే. నాకీ యేర్పాటు మిక్కిలి నచ్చినది.

సంఖ్య దిద్ది రెండవ దరఖాస్తు పెట్టెను. బాకీ యున్నదని త్రోసివేసిరి. ఆమెకు కోపము వచ్చెను. ఫోను వాయిదాలన్నియు 2021లోనే తీర్చివేసినదట. నేను, "అమ్మా, కోపము వలదు. ఏ బాకీ, ఎంత, ఎన్నటిది అని వ్రాతమూలముగా అడుగుము" అంటిని. అడిగినది. ఆమె ఇల్లు మారినపుడు చివఱి నెల బిల్లు పాత చిరునామాకు పోయి నిలిచిపోయినదట; అది పది డాలర్లైనను కాదు! ఆ చిల్లరబాకీయే తలుపునకు అడ్డపుగడియయ్యెను. తీర్చివేసి, రసీదును జతపఱచి, వెనుకటి దరఖాస్తు సంఖ్యను ఉదహరించి మూడవమారు వ్రాసెను. కొన్ని దినములకు తాళము తీసితిమని ఈమెయిలు వచ్చినది.

శ్రావణమాసమున నొక సాయంకాలము పొరుగింటి యువకుడు తన ఫోనునుండి నెట్టు కలిపి, మా సిమ్ము వేసి, ఫోనును ఒకమారు ఆపి మరల వెలిగించెను. ఈ ఫోనునకు తాళపుచెవి యనగా పట్టుకొనుటకు వీలగు వస్తువు కాదు. కంపెనీవారి పట్టికలోని మాట మారుటయే. కొన్ని పాత ఫోనులకు సంకేతపు అంకెలు పంపుదురు. వానిని మెల్లగా, తప్పు లేక కొట్టవలెను. మా ఫోను తెరపై మన దేశపు కంపెనీ పేరు కనబడినది. మఱునిమిషమున గంట మ్రోగినది. మా గృహిణి ఫోను తీసికొని మనుమరాలి ముఖము చూచి మాటలాడక కొంతసేపు నవ్వుచు కూర్చుండెను.

పెద్దలారా! మీ ఇంటికి ఇట్టి ఫోను వచ్చినపుడు చేయవలసినది క్రమముగా చెప్పి ముగించెదను. బిడ్డ విమాన మెక్కక మునుపే మీ సిమ్ము వేసి చూడుడు. చెల్లదన్నచో ఫోనును కొన్నవారి చేతనే దరఖాస్తు పెట్టింపుడు. అంతకు ముందు వాయిదాలును, చివఱి బిల్లును తీరినవో లేదో తేల్చుకొని రసీదు దాచుడు. ఐ.ఎమ్.ఇ.ఐ. సంఖ్యను ఇద్దఱు చదివి సరిచూడుడు. కాదన్నచో కారణమును వ్రాతమూలముగా అడుగుడు. ప్రతి దరఖాస్తు సంఖ్యను కాగితముమీద వ్రాసి యుంచుడు. తాళము తీసిన పిమ్మటను, ఆ ఫోను మన దేశపు తరంగములను అందుకొన గలదో లేదో విచారింపుడు. అన్ని విదేశపు ఫోనులును ఇచట పూర్తిగా పనిచేయవు.

ఇతరులు వాడిన ఫోనును ఊరిలో కొనునపుడు డబ్బు చేతికిచ్చుటకు ముందే మీ సిమ్ము వేసి మాటలాడి చూడుడు. కె.వై.ఎమ్. అను మూడక్షరములును, ఒక ఖాళీ విడిచి ఐ.ఎమ్.ఇ.ఐ. సంఖ్యయు 14422కు పంపినచో ఆ ఫోను చరిత్ర కొంత తెలియును. మన దేశపు కంపెనీవారితో తగవు వచ్చినచో ముందు వారికే ఫిర్యాదు చేసి సంఖ్య పుచ్చుకొనుడు. వినకున్నచో వారి అప్పీలు అధికారికి వ్రాయుడు. 1915 అను సంఖ్యకు ఫోను చేసినచో వినియోగదారులకు దారి చూపెదరు.

కడపటి మాట యొక్కటి. మీ బిడ్డల ఫోను సంఖ్యలను ఒక కాగితముమీద వ్రాసి దేవుని గూటిలో నుంచుడు. వీలైనచో కంఠస్థము చేయుడు. నేను చేసితిని. లాకు దగ్గఱ నీరు సమమైనదాక ఓపిక పట్టుట పడవవాని ధర్మము. సమమైన పిమ్మట తలుపు తీయుమని అడుగుట వాని హక్కు. ఆ రెండింటిలో ఏది మరచినను పడవ కదలదు.